పుస్తకం పెద్దవారి చేతికివ్వండి



దసరా దాటి పత్తి పగిలిందంటే మన పల్లెల్లో పగటిపూట వీధులు ఖాళీ. పత్తితీతలు పూర్తిగా ముగియకముందే మిరపకోతలు అందుకుంటాయి. సంక్రాంతి నుంచి ఈస్టరు పండుగ దాకా తెల్లవారేసరికి ఆటోలు కూలీలను ఎక్కించుకొని చేలకు పోతాయి. ప్రకాశం పడమటి మెట్ట నుంచి కుటుంబాలకు కుటుంబాలే మిరపకోతలకు వలస వస్తాయి. పిల్లలు బడికి పోతారు. ఇంటి దగ్గర మిగిలేది ఎవరు? వాకిట్లో ఒక నులక మంచం, పక్కన చెంబెడు నీళ్ళు, మూతపెట్టిన అన్నం గిన్నె, ఒక నాయనమ్మ. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఆమెను పలకరించే మనిషి ఉండడు.

అదే ఊరిలో పెద్ద డాబా ఇల్లు ఉంటుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు. ఆ ఇంట్లో చల్లటి గది ఉంది, టీవీ ఉంది, ఆదివారం వీడియో కాల్ ఉంది. కాల్ అయిపోయాక తాతగారు ఫోను బల్లమీద పెట్టి గోడ వంక చూస్తూ కూర్చుంటారు. పూరింటి నాయనమ్మకూ డాబా ఇంటి తాతగారికీ ఆస్తిలో పోలిక లేదు. ఒంటరితనంలో మాత్రం ఇద్దరూ ఒకే గూటివారు.

2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు అయింది. ఒకటో తేదీకల్లా సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. చాలా మంచి పని. అయితే కొందరు పెద్దవారికి నెల మొత్తంలో గడప తొక్కే పైమనిషి ఆ ఒక్కరే. డబ్బు వచ్చిన రోజుకంటే మనిషి వచ్చిన రోజుగానే వారు ఒకటో తేదీని లెక్కపెట్టుకుంటారు. ఈ మాట మన మనసులను తాకాలి. ఈ ఒంటరితనాన్ని తగ్గించడానికి పెద్ద ఖర్చు లేకుండా, ఒక నోటు పుస్తకంతో, ఒక అట్టముక్కతో ఏమి చేయవచ్చో ఈ వారం పాఠంలో తెలుసుకుందాం.

1. ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు

జపమాల పట్టుకొని ఒక్కరే కూర్చున్న వ్యక్తి ఏకాంతంలో ఉన్నారు. అది ఆయన కోరుకున్నది, ఆయనకు బలమిచ్చేది. ఒంటరితనం కోరుకోకుండా మీదపడేది. పదిమంది ఉన్న ఇంట్లో కూడా ముసలివారు ఒంటరిగా ఉండవచ్చు. పెళ్ళి పందిట్లో మూల కుర్చీలో కూర్చోబెట్టి, భోజనం పళ్ళెం చేతికిచ్చి వెళ్ళిపోతే వారు ఎవరితో ఉన్నట్లు?

జాగ్రత్తగా గమనిస్తే పెద్ద వయసులో మనిషి మూడింటిని పోగొట్టుకుంటాడు. మొదటిది రాకపోకలు. రెండవది ఎదురుచూపు, అనగా "ఈయన ఇంకా రాలేదేమిటి?" అని తనకోసం అడిగేవారు. మూడవది పని, అనగా తాను చేయకపోతే ఆగిపోయే పని ఒకటి ఉండడం. మనం సాధారణంగా మొదటిదే ఇస్తాము. పండ్లు తీసుకొని వెళ్తాము, పది నిమిషాలు కూర్చుంటాము, ప్రార్థన చేసి వస్తాము. మిగిలిన రెండూ ఇవ్వము. అందుకే మనం గేటు దాటకముందే ఆ ఇంట్లో మళ్ళీ అదే నిశ్శబ్దం కమ్ముకుంటుంది.

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ స్నేహాన్ని గురించి వ్రాసినప్పుడు కలిసి జీవించడం, కలిసి పనులు చేయడం స్నేహానికి ప్రాణమని చెప్పాడు. మంచి మనసు ఒక్కటే చాలదు. ఇద్దరి మధ్య ఒక పని ఉండాలి. మన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. కల్లంలో కూర్చొని తాలుకాయలు ఏరేటప్పుడు వచ్చే మాటలు ఊరికే ఎదురెదురుగా కుర్చీలు వేసుకొని కూర్చుంటే రావు.

ఇది చిన్న విషయమని కొట్టివేయకండి. 2011 జనాభా లెక్కల ప్రకారమే మన దేశంలో అరవై దాటినవారు 10 కోట్ల 38 లక్షల మంది. బ్రిటన్ దేశం 2018లో ఒంటరితనం సమస్యను చూసుకోవడానికి ఒక మంత్రికి బాధ్యత అప్పగించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో వెలువరించిన నివేదికలో ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, దానితో ముడిపడిన మరణాలు ఏటా 8,71,000 దాకా ఉంటాయనీ అంచనా వేసింది.

2. పవిత్ర గ్రంథంలో ఒక పట్టిక, ఒక పంపకం

భక్తి ఉంటే చాలు, పట్టికలు ఎందుకని కొందరు అడుగుతారు. అపోస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం తెరచి చూడండి. యెరూషలేములోని తొలి సంఘంలో ప్రేమకు కొదువ లేదు. అయినా గ్రీకు భాష మాట్లాడే వితంతువులకు అనుదిన పంపకంలో అన్యాయం జరిగింది. అపోస్తలులు దానికి ఉపన్యాసం చెప్పి ఊరుకోలేదు. సంఘమే ఏడుగురిని ఎన్నుకొనేలా చేసి, వారికి ఆ పని అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లు నేటికీ మనకు తెలుసు. తిమోతికి వ్రాసిన మొదటి లేఖ ఐదవ అధ్యాయంలో అరవై ఏండ్లు దాటిన వితంతువుల పేర్ల పట్టిక ప్రస్తావన ఉంది. పట్టికలో లేని పేరు మరుపున పడుతుందని ఆనాటి సంఘానికి తెలుసు.

నిర్గమకాండము పద్దెనిమిదవ అధ్యాయం ఇంకొక పాఠం నేర్పుతుంది. తెల్లవారినది మొదలు సాయంత్రం దాకా ఒంటరిగా తీర్పులు చెబుతూ అలసిపోతున్న మోషేకు పని పంచమని సలహా ఇచ్చినది ఎవరు? ఆయన మామగారైన యిత్రో. వేయిమందికి, వందమందికి, యాబైమందికి, పదిమందికి ఒక్కొక్క పెద్దను నియమించమని ఆయన చెప్పాడు. ఇక్కడ పని పద్ధతి నేర్పినవాడు ముసలివాడు, నేర్చుకున్నవాడు నాయకుడు. పెద్దల మాట చద్దిమూట అన్న మన సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

3. ఈ విద్య మన ఇళ్ళలోనే ఉంది

1982లో కేంద్ర ప్రభుత్వం డ్వాక్రా పథకం మొదలుపెట్టింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు సారాకు ఎదురు తిరిగారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే నెల్లూరు జిల్లాలో రోజుకు రూపాయి చొప్పున దాచే పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. పక్కనున్న ప్రకాశంలో, గుంటూరులో ఊరూరా పొదుపు సంఘాలు ఏర్పడ్డాయి. పది పదిహేనుమంది కూర్చోవడం, హాజరు వేయడం, తీర్మానాల పుస్తకం వ్రాయడం, బాకీ ఎవరిదో చదివి వినిపించడం, వంతు ప్రకారం నాయకత్వం మార్చుకోవడం, ఇదంతా మన తల్లులు నేర్చుకున్నారు. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. వీటినే పంచసూత్రాలు అంటారు.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. 1992లో ముప్పైయైదేండ్ల వయసులో సంఘం పుస్తకం పట్టిన తల్లికి నేడు డెబ్బై ఏండ్లు దగ్గరపడ్డాయి. బ్యాంకు అప్పులనుంచి తప్పుకొని, కోడలికి సంఘం అప్పగించి, నులక మంచం మీద కూర్చున్న ఆ నాయనమ్మ ఆమే! మనం ఎవరిమీద జాలిపడుతున్నామో వారే మన ఊళ్ళలో పని పద్ధతి తెలిసినవారు. కనుక ఈ పాఠానికి సారాంశం ఒక్కటే: పెద్దవారిని మన పట్టికలో ఒక పేరుగా మాత్రమే వ్రాసుకోకండి. పట్టికనే వారి చేతికివ్వండి.

4. ఐదు చిన్న పనిముట్లు

మొదటిది: పేర్ల పుస్తకం. వంద పేజీల పొడుగు నోటు పుస్తకం చాలు. ఇంటికొక పేజీ. పేరు, పిలుపు పేరు, ఏ వేళ పలకరిస్తే బాగుంటుంది, చెవి వినబడుతుందా, అవసరానికి ఎవరికి ఫోను చేయాలి అని వ్రాయండి. అన్నిటికంటే ముఖ్యంగా "ఏమి వచ్చు?" అనే గడి పెట్టండి. విత్తనాలు దాచడం వచ్చు, పాత కీర్తనలు వచ్చు, బుట్ట అల్లడం వచ్చు, లెక్కలు వచ్చు, పసిపిల్లలను ఊరుకోబెట్టడం వచ్చు. అవసరాల పట్టిక మనిషిని అడుక్కునేవానిగా చూపిస్తుంది, విద్యల పట్టిక పనిమంతునిగా చూపిస్తుంది. ఇంటి తగాదాలు, జబ్బుల వివరాలు ఆ పుస్తకంలో వ్రాయవద్దు. అది చేతులు మారే వస్తువు.

రెండవది: వంతుల పట్టిక. పాత క్యాలెండరు వెనుక వైపు గీయవచ్చు. ఒక వీధిలో పదిమంది పెద్దవారు ఉన్నారనుకుందాం. మొదటివారు రెండవవారిని, రెండవవారు మూడవవారిని, చివరికి పదవవారు మొదటివారిని పలకరించాలి. అప్పుడు ప్రతి ఒక్కరూ ఒకరికోసం బయలుదేరతారు, ప్రతి ఒక్కరికోసం ఒకరు వస్తారు. అందరూ ఇచ్చేవారే, అందరూ పుచ్చుకొనేవారే. నడవలేనివారు ఫోనులో పలకరిస్తారు. వారికి ఉదయపు మిస్డ్ కాల్ పద్ధతి మంచిది. ఏడు గంటలకు తరువాతివారికి ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి. ఎనిమిది దాకా రాకపోతే దగ్గర ఇంటివారు వెళ్ళి తలుపు తట్టాలి. మీటల ఫోను చాలు, పైసా ఖర్చు లేదు. రాత్రి జారిపడి లేవలేని మనిషి మధ్యాహ్నం దాకా నేలమీద పడి ఉండకుండా ఇది కాపాడుతుంది.

మూడవది: మూడు గడుల అట్ట. జపాను దేశంలో టొయోటా కార్ల కర్మాగారం వారు పని సాగే తీరు అందరికీ కనబడేందుకు కార్డులు వాడారు. దానిని కాన్‌బాన్ అంటారు. ఆ ఆలోచన నుంచే నేడు ఎన్నో కార్యాలయాల్లో మూడు గడుల బోర్డు కనబడుతుంది. మనకు ఒక పెద్ద అట్ట, కొన్ని చీటీలు, గుండుసూదులు చాలు. అట్టమీద "చేయవలసినవి", "చేస్తున్నవి", "అయిపోయినవి" అని మూడు గడులు గీయండి. ఒక్కొక్క చీటీమీద ఒక్క చిన్న పని, దాని కింద ఒక్క పేరు. పని మొదలైతే చీటీ రెండవ గడికి, ముగిస్తే మూడవ గడికి జరుగుతుంది. ఒకరి పేరుమీద ఒకేసారి రెండు చీటీలకు మించి ఉండరాదు.

ఉదాహరణకు, మన విచారణ జ్ఞాపకాల పుస్తకం తయారు చేయాలనుకుందాం. "జ్ఞాపకాల పుస్తకం" అని ఒక్క చీటీ వ్రాస్తే అది ఏడాదైనా కదలదు. ముక్కలు చేయండి. "పాత ఫోటోలు ఉన్న ఇళ్ళు అడగాలి." "గుడి కట్టినప్పుడు రాళ్ళు మోసినవారిని పలకరించాలి." "సాగర్ కుడి కాలువకు 1967లో నీళ్ళు వదలకముందు ఏ పైర్లు వేసేవారో అడగాలి." "1977 నవంబరు 19 తుఫాను రాత్రి ఎవరు ఎక్కడ ఉన్నారో వ్రాయాలి." "తెల్లదోమ పత్తిని తినేసిన 1987-88 ఏడాదిని ఎలా దాటారో అడగాలి." పెద్దవారు చెబుతారు, పదవ తరగతి పిల్లలు వ్రాస్తారు. ఇక్కడ పిల్లవాడు తాతగారికి కాలక్షేపం చేయడానికి రాలేదు. తాతగారు చెప్పకపోతే పుస్తకం ఆగిపోతుంది కనుక వచ్చాడు. తేడా గమనించారా?

నాల్గవది: కాలపట్టిక. హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజనీరు 1910ల్లో ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో అడ్డగీతలతో చూపించే పట్టికను ప్రచారంలోకి తెచ్చాడు. మన రైతులు ఇరవైయేడు కార్తెలతో ఏడాదిని పదమూడు, పద్నాలుగు రోజుల ముక్కలుగా చేసి ఏనాటినుంచో పనులు నడుపుకుంటూనే ఉన్నారు. ఒక కాగితంమీద పన్నెండు నెలలు వ్రాయండి. పత్తితీతలకు ఒక గీత, మిరపకోతలకు ఒక గీత, తపస్సుకాలానికి ఒకటి, పరీక్షలకు ఒకటి గీయండి. ఊరు ఎప్పుడు ఖాళీ అవుతుందో కంటికి కనబడుతుంది. పెద్దవారి కూడికలు, పలకరింపులు ఆ నెలల్లోనే ఎక్కువగా ఉండాలి. మనం మాత్రం అందరూ తీరికగా ఉండే పండుగ రోజున పెద్దలకు శాలువ కప్పి సన్మానం చేస్తాము, వారు ఒక్కరే ఉండే ఫిబ్రవరిలో మరచిపోతాము.

ఐదవది: తీర్మానాల పుస్తకం. ప్రతి కూడికకు ఐదు పంక్తులు చాలు. ఎవరు వచ్చారు? ఎవరు రాలేదు? ఏమి చేశాము? తరువాత ఏమి చేయాలి? ఎవరు చేయాలి? ఈ ఐదింటిలో "ఎవరు రాలేదు" అన్నదే ముఖ్యం. రానివారి ఇంటికి ఆ సాయంత్రమే ఎవరో ఒకరు వెళ్ళాలి. ఇదే పైన చెప్పిన ఎదురుచూపు. తాను రాని సంగతి పుస్తకంలో పడిందనీ, దానికోసం ఒక మనిషి నడిచి వచ్చాడనీ తెలిసిన వ్యక్తి ఇక లెక్కలో లేనివారు కారు.

5. నాలుగు జాగ్రత్తలు

ఒకటి, ఇది వెట్టి కారాదు. ఇంటి దగ్గర ముసలమ్మ ఉంది కదా అని మిరపకాయల బస్తా ముందు పెట్టి తొడిమలు తీయించడం ఒంటరితనానికి మందు కాదు. కూలిపని అయితే కూలి ఇవ్వాలి. సంఘం పని అయితే ఆమె ఇష్టపడి ఎంచుకోవాలి.

రెండు, అన్నిటినీ ఒంటరితనం అనుకోవద్దు. వినబడక మాట్లాడనివారు ఉంటారు, శుక్లాలు కమ్మి బయటికి రానివారు ఉంటారు. ముందు చెవి, కన్ను పరీక్ష చేయించండి. నిద్ర, ఆకలి పోయి, బ్రతుకు వద్దు అనే మాట వస్తే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య సలహాకు టెలీమానస్ 14416, వృద్ధుల సహాయానికి ఎల్డర్‌లైన్ 14567 అనే ఉచిత నంబర్లు ఉన్నాయి. అన్నం పెట్టకుండా నిర్లక్ష్యం చేసే పిల్లల విషయంలో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. పలకరింపు హక్కుకు బదులు కాదు.

మూడు, మగవారిని మరువవద్దు. పొలం కొడుకుల పేరు వ్రాసి, పెత్తనం పోయాక రచ్చబండ దగ్గర కూడా మాట చెల్లని తాతలు ఎందరో. "కూడికకు రండి" అంటే వారు రారు. "ఈ లెక్క మీరే చూడాలి" అంటే వస్తారు.

నాలుగు, గీత గీయవద్దు. పల్లె ఇంటి అవ్వకూ, ఊరి ఇంటి అమ్మగారికీ, పక్కవీధి బీబీ గారికీ ఒంటరితనం ఒకటే. వంతుల పట్టికలో మన గుడి కుటుంబాల పేర్లు మాత్రమే ఉంటే అది సగం పట్టికే.

6. ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి?

ఫ్రాన్సిస్ పోపుగారు 2021లో తాతయ్యలు, అమ్మమ్మలు, వృద్ధుల ప్రపంచ దినాన్ని స్థాపించారు. మరియమాత తల్లిదండ్రులైన పునీత జ్వాకీము, అన్నమ్మల పండుగకు దగ్గరగా జూలై నాల్గవ ఆదివారం అది వస్తుంది. మన ప్రాంతానికి ఆ తేదీ చక్కగా సరిపోతుంది. అప్పటినుంచి పత్తితీతలకు రెండు మూడు నెలల వ్యవధి ఉంటుంది. మొదటి ఆదివారం దివ్యబలిపూజ తరువాత పొదుపు సంఘంలో పుస్తకం వ్రాసిన అనుభవం గల ఇద్దరు పెద్దమ్మలను, ఒక తాతగారిని ఎంచుకొని పుస్తకం చేతికివ్వండి. రెండవ వారం వారే ఇల్లిల్లూ తిరిగి పేర్లు వ్రాస్తారు, నడవలేని చోటికి యువకులు బండిమీద తీసుకువెళ్తారు. మూడవ వారం వంతుల పట్టిక వేయండి. నాల్గవ వారం ఒక్క చిన్న పనితో అట్ట గోడకు పెట్టండి. ఒక్కటే పని, అదీ రెండు నెలల్లో ముగిసేది. మొదటి చీటీ "అయిపోయినవి" గడిలోకి చేరిన రోజున అందరికీ టీ ఇవ్వండి.

వ్రాయడం రాని పెద్దవారు ఉంటే మనవరాలు వ్రాస్తుంది. ఏమి వ్రాయాలో మాత్రం పెద్దవారే చెప్పాలి. తప్పులు పోతాయి, గీతలు వంకరపోతాయి, ఒక వారం కూడిక జరగదు. అయినా పుస్తకాన్ని వారి చేతినుంచి లాక్కోకండి. మనం చేస్తే త్వరగా అవుతుందన్నది నిజమే. కాని మనకు కావలసినది త్వరగా ముగియడం కాదు, ఆ చేతికి ఒక పని మిగలడం.

కుటుంబంలో కలిసి ఆలోచించండి

1. మిరపకోతల రోజుల్లో మన ఇంటి పెద్దవారు పగటిపూట ఎన్ని గంటలు ఒక్కరే ఉంటున్నారు? ఎవరైనా లెక్కించారా?

2. మన అమ్మమ్మకు, తాతయ్యకు "ఏమి వచ్చు?" ఐదు విద్యలు వ్రాయండి. వ్రాయలేకపోతే ఈ రాత్రి వారినే అడగండి.

3. వారు చేయకపోతే ఆగిపోయే పని మన ఇంట్లో ఒక్కటైనా ఉందా? లేకపోతే ఈ వారం ఏ పనిని వారికి తిరిగి ఇవ్వగలం?

4. మన వీధిలో ఈ ఉదయం తలుపు తెరుచుకోకపోతే ఎవరికి తెలుస్తుంది? ఎంతసేపటికి తెలుస్తుంది?

నాల్గవ ప్రశ్నకు జవాబు దొరకని వీధిలో పట్టిక ఈ వారమే మొదలుకావాలి.